ఒకటో ఫైలు జోలికెళ్లొద్దు

క్లీవ్‌లాండ్ శివారు పార్మాలో రిడ్జ్ రోడ్డు మీద శివవిష్ణు ఆలయం ఉంది. శనివారం పొద్దున్నే గుడికని బయల్దేరి, దారిలో ఎవరింటి ముందో కారాపేసే జబ్బు నాకు ఇరవై ఏళ్ల పైబడి ఉంది. ఆ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న వీధుల్లో పోలండ్, ఉక్రెయిన్ మూలాలున్న కుటుంబాలు ఎక్కువ. ఇళ్లు చిన్నవి, గరాజ్‌లు నిండుగా ఉంటాయి. మంచు కరిగి మే నెల వచ్చిందంటే చాలు, వీధి మలుపుల్లో కరెంటు స్తంభాలకు అట్టముక్కలు వెలుస్తాయి. వాటి మీద లావుపాటి స్కెచ్ పెన్నుతో 'యార్డ్ సేల్' అని, పక్కన ఓ బాణం గుర్తు. "ముందు దర్శనం చేసుకుని తర్వాత చూడొచ్చుగా" అని మా ఆవిడ ప్రతిసారీ అంటుంది. కానీ ఏడున్నరకు దొరికేది పదింటికి దొరకదు. స్వామి మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటాడు.

యార్డ్ సేల్ మన అలవాటు కాదు. మన దగ్గర ఎవరైనా ఇంట్లో పాత సామాను వాకిట్లో పరిచి అమ్మకానికి పెడితే, వీళ్లకేం కష్టమొచ్చిందోనని ఇరుగుపొరుగు గుసగుసలాడతారు. పట్టుచీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకోవడం కూడా మా అమ్మ గుమ్మం లోపల, నాన్న ఇంట్లో లేనప్పుడు చేసేది. ఇక్కడ పరువు గొడవ లేదు. పెళ్లినాటి డిన్నర్ సెట్టు, మూడు రోజులు తొక్కి వదిలేసిన వ్యాయామ సైకిలు, క్రిస్మస్ దీపాల తోరణాలు, చనిపోయిన తాతగారి గోల్ఫ్ కర్రలు... అన్నీ గడ్డి మీదకొస్తాయి. వాటి మీద రంగురంగుల బిళ్లలంటించి యాభై సెంట్లనీ, రెండు డాలర్లనీ రాస్తారు. పక్కన మడత కుర్చీలో యజమాని కాఫీ కప్పుతో కూర్చుంటాడు. అడిగితే ఆ వస్తువు కథంతా చెబుతాడు. అడక్కపోయినా చెప్పేవాళ్లున్నారు.

నేను వెతికేది ఒక్కటే. పాత వీడియో గేములు. 1980ల నాటి నింటెండో, 1990ల నాటి సూపర్ నింటెండో, సెగా జెనెసిస్, ఇంకా వెనక్కి వెళితే 1977లో వచ్చిన అటారీ. ఒక్కోదానికీ అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌లుంటాయి. ఇక్కడివాళ్లు వాటిని గేములనే అంటారు. మేం విజయవాడలో క్యాసెట్లనేవాళ్లం.

ఆ విజయవాడ గురించి కొంచెం చెప్పాలి. 1993-94 ప్రాంతంలో గవర్నర్‌పేట సందులో ఒకాయన చిన్న గదిలో నాలుగు టీవీలు పెట్టి, గంట లెక్కన పిల్లల చేత వీడియో గేములు ఆడించేవాడు. అవి అసలు నింటెండోవి కావు. జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లు. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని రాసి ఉండేది. లోపల చూస్తే పట్టుమని పాతిక గేములు కూడా ఉండేవి కావు. అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. కాంట్రా, మారియో, బాతుల్ని కాల్చేది, ట్యాంకులది... అంతే. క్యాసెట్ పని చేయకపోతే తీసి నోటితో గట్టిగా ఊది మళ్లీ పెట్టేవాళ్లం. సరిగ్గా అదే కాలంలో ఒహాయో పిల్లలు కూడా అలాగే ఊదారని ఇక్కడికొచ్చాక తెలిసింది. ఏ దేశంలో ఊదినా ఊపిరిలోని తేమ లోపలి రాగి పళ్లకు చేటే చేస్తుంది. ఆ మాట నింటెండోయే చెప్పింది. విన్నవాడు లేడు.

ఆ గదిలో మాకున్న పెద్ద శత్రువు కాంట్రాలోని రాక్షసుడు కాదు, కరెంటు. ఆరో దశ దాకా వెళ్లాక ఠప్పున పోయేది. మళ్లీ వచ్చేసరికి అంతా మొదటికే. ఆ నకలు పెట్టెల్లో మా క్యాసెట్లకు జ్ఞాపకముండేది కాదు. కట్టిన డబ్బు మాత్రం అయిపోయినట్టే లెక్క. అందుకే ఆటలో సగం దూరం వెళ్లి, ఆపి, మర్నాడు అక్కడి నుంచే మొదలెట్టొచ్చని అమెరికా వచ్చాక చూసినప్పుడు నాకది మాయలా అనిపించింది. ఆ మాయ చేసేది రూపాయి బిళ్లంత బ్యాటరీ. కార్ట్రిడ్జ్ లోపల టంకం వేసి ఉంటుంది. ఆటగాడి పేరు, ఎంతవరకు వచ్చాడు, చేతిలో ఏముంది అన్నవి ఓ చిన్న చిప్‌లో చెరిగిపోకుండా ఆ బ్యాటరీ కాపలా కాస్తుంది. అమెరికాలో 1987లో విడుదలైన 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా' బంగారు రంగు కార్ట్రిడ్జ్‌తో ఇది ఇళ్లలోకి వచ్చింది. బ్యాటరీ ఉన్నన్నాళ్లూ ఆ పిల్లవాడి పేరు అందులో ఉంటుంది. బ్యాటరీ పోయిందా, అదీ పోతుంది.

నేను కొన్న పాత కార్ట్రిడ్జ్‌ల్లో సగానికి పైగా ఎవరో ఒకరి పేరుంది. ముందుగా చూసేది అదే. ఆడేది తర్వాత.

వెతుకులాటలో గొప్ప రహస్యాలేమీ లేవు. తొలి రోజుల్లో శుక్రవారం 'ప్లెయిన్ డీలర్' పత్రికలో చిన్న ప్రకటనలు చూసి చిరునామాలు రాసుకునేవాణ్ని. తర్వాత క్రెయిగ్స్‌లిస్ట్ వచ్చింది. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన ఇళ్లయితే మేలు. పసిపిల్లల బట్టలు వేలాడుతుంటే కారు దిగక్కర్లేదు, ఆ తల్లిదండ్రులు తమ ఆటల్ని ఇంకా అమ్ముకోలేదన్నమాట. బల్లల మీద పేర్చిన వాటికన్నా బల్లల కింద అట్టపెట్టెల్లో పడేసినవే చూడాలి. "వీడియో గేములేమైనా ఉన్నాయా?" అని నోరు తెరిచి అడగాలి. "అరె, మేడమీద గదిలో ఒక డబ్బా ఉన్నట్టుంది" అని లేచి లోపలికెళ్లినవాళ్లు నాకు కనీసం పదిమంది తగిలారు. ఒక ఆగస్టులో సిన్సినాటి మీదుగా వెళ్లే 127వ నంబరు హైవే సేల్‌కు కూడా వెళ్లాను. మిషిగన్ నుంచి అలబామా దాకా 690 మైళ్ల పొడవునా నాలుగు రోజులు జనం రోడ్డు పక్కన సామాన్లు పెట్టి అమ్ముతారు. అంత దూరం వెళ్లి తెచ్చింది ఓ ఇత్తడి గంట. అది కూడా మొరాదాబాద్‌లో తయారైంది.

ఇక 2011 జూన్ సంగతి. ఆలయానికి నాలుగు వీధుల అవతల, తెల్లరంగు రేకుల ఇల్లు. కుర్చీలో అరవై అయిదేళ్లుంటాయేమో, ఒకావిడ కూర్చుని ఉన్నారు. బల్ల కింద డబ్బాలో సూపర్ నింటెండో, చిక్కుపడ్డ తీగలు, తొమ్మిది కార్ట్రిడ్జ్‌లు. వంగి చూశాను. కింది వరసలో 'ఎర్త్‌బౌండ్'. నా గుండె వేగం నాకే వినపడింది. 1995 జూన్‌లో అమెరికాలో విడుదలై, పెద్దగా అమ్ముడుపోక, తర్వాత విలువ తెలిసి జనం వెతుక్కుంటున్న ఆట అది. ఆ రోజుల్లో ఒట్టి కార్ట్రిడ్జే వంద డాలర్ల పైన పలికేది.

ఆవిడ మొత్తం డబ్బాకు పదిహేను డాలర్లన్నారు. నేనేం చేశానంటే, పన్నెండన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అలవాటని సరిపెట్టుకోవచ్చు. బీసెంట్ రోడ్డులో బేరమాడకుండా రుమాలు కూడా కొనని ఇంట్లో పుట్టాను. అదీగాక, అడిగినంతా ఇచ్చేస్తే అందులో ఏదో ఉందని అనుమానం వస్తుందని వేటగాళ్లలో ఒక నమ్మకం. నిర్లక్ష్యంగా మొహం పెట్టాలి, తీగలు పని చేస్తాయా అని అడగాలి. అన్నీ చేశాను. ఆవిడ సరేనని, పాత దిండుగలీబులో అన్నీ వేసిచ్చారు. ఆ వేళ గుడిలో అర్చన చేయించుకున్నట్టు గుర్తు.

సాయంత్రం నేలమాళిగలోని పాత డబ్బా టీవీకి తగిలించి ఎర్త్‌బౌండ్ పెట్టాను. ఇందులో మూడు ఫైళ్లు దాచుకోవచ్చు. రెండూ మూడూ ఖాళీ. ఒకటో దాంట్లో ఓ పిల్లవాడి పేరు, పక్కన లెవెల్ డెబ్భై రెండు. అంటే దాదాపు చివరికొచ్చేశాడు.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. దీన్ని రాసింది షిగెసాటో ఇటోయి. జపాన్‌లో ప్రకటనలు రాయడంలో పేరున్న రచయిత. అక్కడ 1994లో దీని పేరు 'మదర్ 2'. కత్తులు, కోటలు లేవు. అమెరికాలాంటి ఒక దేశంలో బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న కుర్రాడు ఇల్లు వదిలి లోకాన్ని కాపాడటానికి బయల్దేరతాడు. వాళ్ల నాన్న ఆట మొత్తంలో ఒక్కసారీ కనపడడు. ఫోన్లో గొంతు మాత్రమే. కుర్రాడి ఖాతాలో డబ్బులేస్తుంటాడు. ఆటను దాచుకోవాలంటే ఆ నాన్నకే ఫోన్ చెయ్యాలి. ఎక్కువసేపు ఆడుతుంటే ఆయనే ఫోన్ చేసి కాస్త విశ్రాంతి తీసుకోరాదూ అంటాడు. దూరాలు తిరిగీ తిరిగీ కుర్రాడికి ఇంటి మీద బెంగ పట్టుకుంటుంది. ఇది మాటవరసకు కాదు, ఆటలో అదో జబ్బు. అది పట్టినవాడు పోరాటం మధ్యలో దెబ్బ వెయ్యడం మానేసి ఇంటిని తలుచుకుంటూ నిలబడిపోతాడు. దానికి మందులేదు. ఫోన్ దగ్గరికి వెళ్లి అమ్మతో మాట్లాడాలి.

నేను 2000లో ఇక్కడికొచ్చినప్పుడు ఇండియన్ స్టోర్లో అయిదు డాలర్ల ఫోన్ కార్డులు అమ్మేవారు. దాని మీద నంబరు గీకి, పాతిక అంకెలు నొక్కి, 'మీకు పదకొండు నిమిషాలున్నాయి' అని చెప్పే గొంతు విని, ఆ తర్వాత అమ్మ గొంతు వినేవాణ్ని. నాన్నతో డబ్బు సంగతులు, అమ్మతో తక్కిన సంగతులు. ఆ ఆటలో టెలిఫోన్ చూసిన మొదటిసారి నవ్వొచ్చింది. జపాన్‌లో కూర్చున్న మనిషికి మా సంగతి ఎవరు చెప్పారో.

ఆట మొదట్లో ఏడు ప్రశ్నలుంటాయి. నలుగురు పిల్లల పేర్లు, పెంపుడు కుక్క పేరు, నీకు బాగా ఇష్టమైన ఇంటి వంట, నీకు బాగా ఇష్టమైన వస్తువు. ఆటలో ఎప్పుడు ఇంటికెళ్లినా అమ్మ ఆ వంటే పెట్టి పడుకోబెడుతుంది. ఆ పిల్లవాడేం రాశాడో చూడాలనిపించింది. అతని ఫైలు తెరిచి, దాచే జోలికి పోకుండా, ఊరు దాటించి ఇంటికి తీసుకెళ్లాను. కుక్క పేరు బ్యాండిట్. వంట పిరోగీ. పిండిలో ఆలుగడ్డ ముద్ద కూరి ఉడికించే పోలిష్ కజ్జికాయలు, పార్మాలో ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. ఇంగ్లిషులో మామూలుగా ఏడక్షరాలు. ఆటలో ఆరక్షరాలకు మించి పట్టదు. ఒక అక్షరం మింగేసి ఇరికించాడు.

పొద్దున పన్నెండు డాలర్లు లెక్కపెట్టి తీసుకున్న ఆవిడ చేతులు గుర్తొచ్చాయి.

మెట్ల మీద నిలబడి చూస్తున్న మా ఆవిడ ధర సంగతి అడిగింది. చెప్పాను. "ఆవిడకు తెలుసా?" అంది. తెలియదన్నాను. "అయితే అది బేరమెట్లా అవుతుందండీ? ఇద్దరికీ తెలిస్తే బేరం" అని పైకి వెళ్లిపోయింది. ఆ మాటకు నా దగ్గర సమాధానాలు లేకపోలేదు. ఆవిడ చెప్పిన ధరే కదా. తెలుసుకోవాలంటే ఆవిడకూ కంప్యూటర్ ఉండే ఉంటుంది కదా. నేను కొనకపోతే ఇంకో పది నిమిషాల్లో ఇంకొకడు కొనేవాడు కదా. వారమంతా ఈ కదాలు చెప్పుకుంటూనే ఉన్నాను. ఈ వేటలో ఉన్నవాళ్లందరి దగ్గరా ఇవే ఉంటాయి. నోరు మూసుకోవడానికి పెట్టిన శ్రమకు కూలి అని ఒకడు నాతో అన్నాడు కూడా.

తర్వాతి శనివారం వంద డాలర్లు కవర్లో పెట్టుకుని బయల్దేరాను. రిడ్జ్ రోడ్డు ఎక్కేసరికి ఎనభై చాలనిపించింది. ఆ ఇంటి ముందు కారాపేసరికి అరవై అయింది. నలభై తీసి చొక్కా జేబులో పెట్టుకుని గంట కొట్టాను.

గడ్డి మీద ఏమీ లేదు. ఆవిడ తలుపు సగం తెరిచారు. చేతిలో చేటో పుస్తకమో లేని పరాయి మనిషిని చూసి ఏదో అమ్మడానికి వచ్చాననుకున్నారు. విషయం చెప్పాను. కిందటి వారం మీ దగ్గర కొన్న డబ్బాలో ఒకదానికి బయట ఎక్కువ ధరుంది, నాకది తెలిసీ చెప్పలేదు, అన్నాను. అనడం అనుకున్నంత తేలిక కాలేదు. ఆవిడ కవరు తీసుకుని, నా ఎదురుగానే లెక్కపెట్టి, ఏప్రన్ జేబులో పెట్టుకున్నారు. కృతజ్ఞతలేమీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

తలుపు మూయబోతుంటే, మీ అబ్బాయి పేరూ కుక్క పేరూ ఇంకా అందులో ఉన్నాయన్నాను. తలుపు ఆగింది. సెల్‌ఫోన్లో టీవీ తెరను తీసిన ఫొటో చూపించాను. కళ్లజోడు లేదేమో, ఫోన్‌ను చేయి చాపినంత దూరం పట్టుకుని చూశారు. బ్యాండిట్ అని మెల్లగా చదివారు. ఆ కుక్క వేసవంతా ఆ గరాజ్‌లోనే పడుకునేదట, చల్లటి సిమెంటు నేలని. మరి పిరోగీ కూడా రాశాడు, మీ వంట అంటే అంత ఇష్టమన్నమాట అన్నాను, పైకి మర్యాదగా. ఆవిడ పెద్దగా నవ్వారు. తనకు జీవితంలో పిరోగీలు చేయడం రాలేదట. అవి శుక్రవారాల్లో చర్చి ఆడవాళ్లు చేసి అమ్మేవి. వాడికి ఇంటి వంటంటే అదే కాబోలు, అని ఇంకోసారి నవ్వి, ఆ తర్వాత నవ్వలేదు. కొడుకు అరిజోనాలో ఉన్నాడనీ, కావాలేమో అడుగుతాననీ చెప్పి నా ఫోన్ నంబరు ఒక బిల్లు వెనక రాసుకున్నారు.

ఇవ్వాల్సొస్తుందేమోనని నేను రెండు నెలలు భయపడ్డాను. అబద్ధం చెప్పను.

ఆగస్టు చివర్లో అరిజోనా నుంచి ఫోనొచ్చింది. నా వయసువాడే. మాటలు తక్కువ. తనకు వద్దన్నాడు, ఆడే తీరిక లేదట. అమ్మ మీకేదో డబ్బులు తీసుకుందట, నిజమేనా అని నవ్వాడు. చివరి రాక్షసుడి ముందు దాకా వచ్చి ఎందుకు ఆపేశావని అడిగాను. ఆ వారమే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడని చెప్పాడు, వాతావరణం చెప్పినట్టు. తర్వాత మళ్లీ పెట్టలేదట. ఆ ఆటలో నాన్న ఉండేది ఫోన్లోనే అన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఎత్తలేదు. పెట్టేసే ముందు ఒక్కటే అడిగాడు. "మీరు ఆడుకోండి. నా ఫైల్లో మాత్రం ఆడొద్దు."

అప్పట్నుంచి ఓ నియమం పెట్టుకున్నాను. తెలిసిన ధర ముందు చెప్పి, ఆ తర్వాతే బేరం. ఇందువల్ల నాకు పుణ్యం వచ్చిందో లేదో గానీ నష్టం మాత్రం కచ్చితంగా వచ్చింది. మెంటర్‌లో ఒకాయన 'లిటిల్ శాంసన్' మూడు డాలర్లకు పెట్టాడు. 1992లో వచ్చిన అరుదైన ఆట. దాని ధర చెప్పగానే నా చేతిలోంచి తీసుకుని, చొక్కా కింద దాచుకున్నంత పనిచేసి లోపలికెళ్లిపోయాడు. కాఫీ కూడా ఇవ్వలేదు. ఇప్పుడది వెయ్యి డాలర్ల పైమాటే. మా ఆవిడతో చెబితే, "మంచి పని చేశారు" అంది. ఆ మెచ్చుకోలు ఖరీదు తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు.

ఇప్పుడు ఆ నియమానికి పెద్దగా పని లేదనుకోండి. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. నేను డబ్బా మీదికి వంగితే చాలు, కుర్చీలోని మనిషి ఈబే తెరుస్తాడు. ఈ గేముల ధరలకు రెక్కలొచ్చిన కథలు పేపర్లలో పడుతూనే ఉన్నాయి. 2013లో నార్త్ కరొలినాలో ఒకావిడ ధర్మార్థ దుకాణంలో ఎనిమిది డాలర్లకు కొన్న 'స్టేడియం ఈవెంట్స్' వేల డాలర్లు పలికింది. 2021 జూలైలో సీలు విప్పని 'సూపర్ మారియో 64' వేలంలో పదిహేను లక్షల అరవై వేల డాలర్లకు పోయింది. సీలు విప్పని ఆటంటే ఎవరూ ఆడనిది. అందులో ఎవరి పేరూ ఉండదు. దానికి అంత ధరేమిటో నా బుర్రకెక్కదు. ఇదే దేశంలో 1983లో అటారీ కంపెనీ అమ్ముడుపోని కార్ట్రిడ్జ్‌లను లారీల్లో తెచ్చి న్యూమెక్సికోలోని ఆలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చింది. 2014 ఏప్రిల్‌లో వాటిని తవ్వి తీశారు. ఆ ఊరి పాలకమండలి వాటినీ వేలం వేసింది. చెత్త నుంచి తీసినదని ధ్రువపత్రం కూడా ఇచ్చారు.

డబ్బు సంగతి అలా ఉంటే, అసలు ఆటల సంగతి వేరు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మామూలుగా కొనుక్కోవడానికి దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. ఎర్త్‌బౌండ్ అదృష్టం బాగుండి 2013లో, మళ్లీ 2022లో నింటెండో కొత్త యంత్రాల మీద వచ్చింది. ఆడాలనుకునేవాడు ఇప్పుడు గరాజ్‌లు గాలించక్కర్లేదు. కానీ అలా వచ్చిన ఆటలో మూడు ఫైళ్లూ ఖాళీగానే వస్తాయి.

2019 నాటికి నా కార్ట్రిడ్జ్ బ్యాటరీకి ఇరవై నాలుగేళ్లు. ఇలాంటివి పదిహేను, ఇరవై ఏళ్లు బతికితే గొప్ప. అప్పటికే నా దగ్గర అయిదారు కార్ట్రిడ్జ్‌లు చనిపోయాయి. ఒకరోజు పేర్లుంటాయి, మర్నాడు ఖాళీ ఫైళ్లు. మార్చాలంటే పాత బ్యాటరీ పీకాలి. పీకిన క్షణమే లోపలున్నదంతా ఎగిరిపోతుంది. అందుకని ముందు ఆ చిప్‌లోని సమాచారాన్ని కంప్యూటర్లోకి దింపుకునే చిన్న పరికరం తెప్పించాను. ఎనిమిది కిలోబైట్లు. ఇవాళ సెల్‌ఫోన్లో తీసే ఒక్క ఫొటోలో అలాంటివి వందలు పడతాయి. ఒకసారి దింపి, నమ్మకం లేక ఇంకోసారి దింపి, రెండూ ఒకటేనా అని పోల్చి, అప్పుడు ఇలాంటి స్క్రూలకు పనికొచ్చే ప్రత్యేక స్క్రూడ్రైవర్‌తో విప్పాను. టంకం కరిగించి బ్యాటరీ తీశాను. అది బయటికొచ్చాక బల్ల మీద పెట్టి కాసేపు చూస్తూ కూర్చున్నాను. కొత్తది అతికించి, ఫైలు తిరిగి ఎక్కించి, టీవీ పెట్టేసరికి రాత్రి పదకొండు. ఒకటో ఫైలు, ఆ పిల్లవాడి పేరు, లెవెల్ డెబ్భై రెండు. అమ్మయ్య అనుకుని లైటార్పి పైకొచ్చాను. మళ్లీ ఒకసారి కిందికెళ్లి చూసొచ్చాను.

మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. అది ఆ ఆట ఆడతానంది. కార్ట్రిడ్జ్ మీద కాగితం ముక్క అంటించాను, తెలుగులో, దానికి చదవడం అలవాటవుతుందని కూడా: 'ఒకటో ఫైలు జోలికెళ్లొద్దు.' కూడబలుక్కుని చదివింది. ఎందుకని అడిగితే కథంతా చెప్పాను. "ఖాళీ దాంట్లోకి కాపీ చేసి చివరి ఫైట్ ఆడేద్దాం నాన్నా, ఒరిజినల్ అలాగే ఉంటుందిగా" అంది. ఆటలో ఆ సౌకర్యముంది. దాని తర్కంలో తప్పులేదు. వద్దన్నాను. కారణం అడిగితే సరైనది దొరకలేదు. అతను వద్దన్నాడు కదా, అన్నాను. కాపీ కూడా అతనిదే కదా.

రెండో ఫైలు మొదలెట్టింది. తన పేరు, ముగ్గురు స్నేహితురాళ్ల పేర్లు. మాకు కుక్క లేదు, కావాలనుకున్న కుక్కకు పెట్టాలనుకున్న పేరు రాసింది. నీకిష్టమైన ఇంటి వంట అన్నచోట వాళ్లమ్మ కూడా పనిమానుకుని వచ్చి నిలబడింది. అమ్మాయి 'మ్యాగీ' అని కొట్టింది. "ఇంటి వంటన్నాడే!" అని వాళ్లమ్మ. "ఇంట్లోనే కదా చేస్తావు" అని అమ్మాయి. చర్చి పిరోగీలు తిని పెరిగిన ఆ కుర్రాడు నాకు కొంచెం అర్థమైనట్టనిపించింది.

నెలన్నరలో అది ఆట పూర్తిచేసింది. మూడో ఫైలు నీది నాన్నా, అంది. నాది నేను తర్వాత పెట్టుకుంటానన్నాను. ఇప్పుడది కాలేజీకి వెళ్లిపోబోతోంది. మొన్న శనివారం గుడి నుంచి వస్తూ ఆ తెల్లరేకుల ఇంటి వీధిలోంచి వచ్చాం. ఎవరో కొత్తవాళ్లు ఉన్నట్టున్నారు, వరండాలో పసిపిల్లల సైకిలుంది. ఇంటికొచ్చి నేలమాళిగలో టీవీ పెట్టి మూడోది తెరిచాను. నలుగురు పిల్లల పేర్లకు గవర్నర్‌పేట గదిలో నాతో ఆడిన వాళ్ల పేర్లు పెట్టాను. ఒక్కో పేరుకు అయిదక్షరాలే పడతాయి. సాంబశివరావు 'సాంబ' అయ్యాడు. కుక్కకు మా వీధికుక్క పేరే. వంట దగ్గరికొచ్చేసరికి గోంగూర అని కొడుతున్నాను. ఇంగ్లిషులో ఏడక్షరాలు. చివరి అక్షరం పట్టలేదు.

అమ్మకు ఫోన్ చేస్తే అక్కడ రాత్రి పదకొండు దాటింది. ఇంత రాత్రప్పుడేమిట్రా, అంతా బాగానే ఉన్నారా అంది. బాగానే ఉన్నాం, గోంగూరకు బదులు ఆరక్షరాల్లో ఏదైనా చెప్పమన్నాను.

"అదేం ప్రశ్నరా" అని, కాసేపాగి, పులిహోర పడుతుందేమో చూడు, అంది. అదింకా పెద్దది.